ఓ పన్ను చాలు

మా ఇంట్లో నూడిల్స్ వేయించేది చెనక్కాయలు వేయించే బాణలిలో. అది కూడా గ్యాసు మీద కాదు, పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద. పాకెట్టు నూడిల్స్ కావు, పావగడ గోబీ బండి నూడిల్స్ అంతకన్నా కావు. బియ్యం రుబ్బి, ఆవిరి మీద పల్చటి రేకుల్లా ఉడికించి, వేలి వెడల్పున కోసి, పెద్ద మంట మీద చకచకా తిప్పి దించే కాంటన్ వంట. ఈ మాట చెబితే మా చుట్టాలు ఎగతాళి చేస్తారు. "మీకేమప్పా, సోలార్ వచ్చినాక చైనా దాకా పోయినారు" అంటారు. మేమెక్కడికీ పోలేదు. ఆ వంటే మా మిద్దె మీదికి అద్దెకు వచ్చింది.

మాది కర్ణాటకలో, పావగడ దగ్గర బలసముద్రం పక్క ఊరు. మా చేను ఇప్పుడు సోలార్ పలకల కింద ఉంది. ఒకప్పుడు మబ్బు పట్టలేదని మేం దిగులుపడేవాళ్లం, ఇప్పుడు మబ్బు పట్టిందని ప్లాంటు వాళ్లు దిగులుపడతారు. చేను లీజుకిచ్చాక నాయన మిద్దె మీద ఒక గది కట్టించి, ప్లాంటులో పనికి వచ్చేవాళ్లకు అద్దెకిచ్చేవాడు. తమిళులు వచ్చారు, గుజరాతీలు వచ్చారు. ఒకాయనైతే ఉన్నన్నాళ్లూ ఫోన్లో పెళ్లాంతో పోట్లాడి, ఆ పోట్లాట తీరకుండానే ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఆయన తర్వాత వచ్చింది ఆ అమ్మాయి. మలేషియా ఇంజనీరు. ప్లాంటులో కొత్తగా పెట్టిన యంత్రాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసి వెళ్లడం ఆమె పని. వాళ్ల ముత్తాతలు చైనాలో కాంటన్ వైపు నుంచి మలేషియా వెళ్లి అక్కడే ఉండిపోయారట. ఇంట్లో మాట్లాడేది ఇప్పటికీ కాంటనీసే.

నేనప్పుడు పావగడలో డిగ్రీ ముగించి ఇంట్లో ఉన్నాను. ఉద్యోగం రాలేదు గానీ ఇంట్లో అందరూ చెప్పే పనులన్నీ నాకే వచ్చేవి. నా ఈడు ఆడపిల్లలందరికీ పెళ్లిళ్లయి చంకలో బిడ్డలు. పలకరిద్దామని పోతే పాల డబ్బా ధర, టీకాల సంగతి తప్ప ఇంకో మాట ఉండేది కాదు. అందుకని మిద్దె మీది అమ్మాయి రావడం నాకు పండగే అయింది. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషు, కాబట్టి ఒకరినొకరు చూసి సిగ్గుపడే పని లేదు. సాయంత్రమైతే పిట్టగోడ మీద కూర్చుని, చెనక్కాయలు ఒలుచుకు తింటూ, చీకటి పడేదాకా మాట్లాడుకునేవాళ్లం. ఆమె ఒక రోజు ప్లాంటులో ఆలస్యమైతే నాకు అన్నం సహించేది కాదు. అంతగా కలిసిపోయాం.

చిక్కంతా మా అవ్వతో వచ్చింది. అవ్వంటే మా నాయన తల్లి. ఇల్లు ఆమె పేరు మీద ఉంది, నోరు కూడా ఆమెదే. చేను ఉన్నప్పుడు తెల్లారకముందే లేచి పోయే మనిషి, చేను పోయాక అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను లెక్క అడగడం మొదలుపెట్టింది. బయటి ఊరివాళ్లెవరైనా సరే, వాళ్లకు కన్నడం వస్తుందని ఆమె నమ్మకం. ఆ అమ్మాయి పెట్టె దించుకుని వాకిట్లోకి వచ్చిన రోజు కూడా "ఊట ఆయ్తా?" అని అడిగింది. అన్నం తిన్నావా అని.

ఆ అమ్మాయి పెట్టె కింద పెట్టి, రెండు చేతులూ ఒద్దికగా ముందుకు కట్టుకుని, కాస్త తల వంచి, ఎంతో ప్రేమగా అంది.

"పోపో."

అవ్వ మొహం మాడిపోయింది. నేను పక్కనే ఉండి కూడా ఏదో తప్పు విన్నానేమో అనుకున్నాను. కాదు. మరుసటి రోజు పొద్దున మెట్లు దిగుతూ అదే మాట. సాయంత్రం ప్లాంటు జీపు దిగి వస్తూ అదే మాట. తల వంచడం, నవ్వడం, "పోపో" అనడం.

"నేనెందుకు పోతా? నువ్వే పో" అని అవ్వ కూడా మొదలుపెట్టింది. అందులో "పో" ఒక్కటే వినబడి, అవ్వ తన పలకరింపుకు బదులు పలికిందనుకుని ఆ అమ్మాయి ఇంకా సంబరపడేది. ఇంకో నాలుగుసార్లు పోపో అనేది.

అవ్వ నాయన దగ్గర పంచాయితీ పెట్టింది.

"తెలుగు రాదుమా దానికి. వాళ్ల మాట ఏదో అంటాది, నువ్వు పట్టించుకోవద్దు" అన్నాడు నాయన.

"తెలుగు రాకుంటే పో అనేది ఎట్లొచ్చె? ఆ ఒక్క మాటా యాడ నేర్చినాది?"

నాకు నవ్వాగలేదు. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "చేను పాయె. ఎద్దులు పాయె. ఇంగ నేనొక్కదాన్నే ఉండా. యాడిదో పేరు తెలీని ఊరి పిల్ల వచ్చి, నా వాకిట్లో నన్నే పో పో అనబట్టె" అంది. నవ్వుతున్న నా నోరు అక్కడ మూతపడింది. అవ్వకు ఆ మాట ఎక్కడ తగిలిందో నాకు అప్పుడు అర్థమైంది, మనసు చివుక్కుమంది.

ఆ అమ్మాయిని అడిగేద్దామనుకుంటూనే ఉన్నాను. అడిగితే చిన్నబుచ్చుకుంటుందేమోనని వెనకాడాను. ఈలోగా రావాల్సిన ఉపద్రవం వచ్చేసింది.

మా తిండి ఆమెకు నచ్చకపోలేదు. రాగిముద్ద నమలకుండా మింగడం నేర్చుకుంది. ఊరిమిండి కారప్పచ్చడి తిని కళ్లనీళ్లు పెట్టుకుని, "సాకు సాకు" అని కన్నడంలో చాలంటూనే మళ్లీ గిన్నె చాపేది. కానీ ఒక శుక్రవారం ఫోన్లో వాళ్ల ఊరి బొమ్మలు చూస్తూ ఒక చోట ఆగిపోయింది. పళ్లెం నిండా వెడల్పాటి తెల్లటి నూడిల్స్, గోధుమరంగు మెరుపు, పైన ఉల్లికాడలు. బియ్యంతో చేస్తారట. పేరు హో ఫన్. వాళ్ల అవ్వ వేయించి పెట్టేదట. దీన్ని తిని ఎన్నాళ్లయిందో అని ఆమె అంటుంటే, బియ్యమే కదా, మనమే చేసుకుందాం అన్నాను. నాకు టీ కాచడం తప్ప వంట రాదన్న సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ఆమె ఆనందం చూడాలి. ఫోను పట్టుకుని మెట్లన్నీ గబగబా దిగి, అరుగు మీదున్న అవ్వ ముందు నిలబడి, ఆ బొమ్మ చూపిస్తూ, ఇంట్లో అందరికీ వినబడేలా అంది.

"పోపో, హో ఫన్!"

మా వైపు 'ఫ' పలకదు, వినబడదు కూడా. అవ్వకు వినబడింది "పో పో, ఓ పన్ను."

అవ్వకు నిజానికి పైన ఒకటి, కింద ఒకటి ఉన్నాయి. ఆమె కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి లోపలికి వెళ్లి, సద్ది తింటున్న నాయన ముందు నిలబడి తీర్పు చెప్పింది. "ఒంటిపన్ను దానా, పో అంటాది నన్ను. నాకు రెండుండాయి. సోమవారానికి అది ఈ ఇంట్లో ఉంటే నేనుండను. మంగళవాడలో నా కూతురింటికి పోతా. పో అనిపించుకున్నంక పోకుంటే ఎట్ల?"

అవ్వ ఉత్త బెదిరింపులు చేసే మనిషి కాదు. నాయనకు ఆ సంగతి నాకన్నా బాగా తెలుసు. "ఆ పిల్లకు ఇంకో రూము చూస్తాలే" అన్నాడు నాతో, నా మొహం చూడకుండా. నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది. అవ్వ లేని ఇల్లు నేను ఊహించుకోలేను. జీవితంలో మొదటిసారి దొరికిన స్నేహితురాలిని సోమవారం పెట్టె సర్దుకోమని చెప్పలేను.

ఆ సాయంత్రమే మిద్దెక్కి అడిగేశాను. అవ్వను పోపో అని ఎందుకంటావు?

ఆమె వింతగా చూసి, ఫోన్లో ఒక ముసలామె ఫొటో తీసి చూపించింది. పొట్టి జుట్టు, పూల చొక్కా, చేతిలో గరిటె. "నా పోపో" అంది. వాళ్ల భాషలో పోపో అంటే అవ్వ. పెద్దావిడ కనబడితే గౌరవంగా అలా పిలవాలి, పిలవకుండా ముందు నుంచి దాటిపోతే తల్లి వీపు మీద ఒక్కటేస్తుంది.

నేను పిట్టగోడ పట్టుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. మా భాషలో దాని అర్థమేంటో చెప్పేసరికి ఆ అమ్మాయి మొహం తెల్లబోయింది. ఇన్నాళ్లూ రోజుకు రెండు పూటలా ఒక ముసలామెను ఆమె ఇంట్లోంచే వెళ్లగొడుతున్నానని తెలిస్తే ఎవరికి మాత్రం నవ్వొస్తుంది? కళ్లలో నీళ్లు తిరిగాయి ఆమెకు.

దిగివచ్చి అవ్వకు అంతా చెప్పాను. అవ్వ నమ్మలేదు.

"నువ్వు దాని పార్టీ" అంది. వక్క నోట్లో వేసుకుని దవడకు నొక్కిపెట్టుకుని, "సరే. అవ్వ అనే అన్నాది అనుకో. అట్లయితే వాళ్లవ్వ చేసి పెడతాదన్నావే, ఆ కూడు దాని చేత్తో నాకు చేసి పెట్టమను. తిని చూసి చెప్తా నేను అవ్వనా కాదా అని" అంది.

ఆదివారం ముహూర్తం పడింది. పావగడ నుంచి సోయా సాస్ సీసా తెచ్చాం. పెసలు నానబెట్టి మొలకలు కట్టాం. గొర్రెలు మేపే పక్కింటాయన పొట్టేలు కోస్తే కొంత మాంసం తీసుకున్నాం. ఆ అమ్మాయి దాన్ని కాగితమంత పల్చగా కోసి, కాస్త వంటసోడా, సాస్ పట్టించి పెట్టింది. అరుగు మీద నుంచి అవ్వ ఓ కన్ను ఇటే వేసి ఉంది. "అంత సన్నగా కోస్తే మాంసం యాడుండాదో వెతుక్కోవాల" అని గోడకు చెప్పింది.

మొదటి తప్పు నాదే. బియ్యం పిండి అనేసరికి మా అమ్మ గిన్నెలో ఉన్న ఇడ్లీ పిండి ఇచ్చింది, నేను ఇంకొన్ని నీళ్లు కలిపి వెడల్పాటి తట్టె ఇడ్లీల పళ్లెంలో పోశాను. తుమకూరు జిల్లాలో పుట్టినవాళ్లం, ఆవిరి మీద పెట్టేదేదైనా మాకు తట్టె ఇడ్లీగానే తోస్తుంది. మూత తీస్తే పల్చటి రేకులు ఉండాల్సిన చోట బుసబుసా పొంగిన ఇడ్లీలు. ఆ అమ్మాయి ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, వేలితో నొక్కి చూసి, మర్యాదగా తినేసింది. వట్టిదే, చట్నీ లేకుండా. అమ్మ నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పారిపోయింది.

మళ్లీ బియ్యం నానబోశాం. ఈసారి ఇడ్లీకి వేసే ఉద్దిపప్పు లేదు, పులవబెట్టడం లేదు. గుప్పెడు సగ్గుబియ్యం కలిపి మెత్తగా రుబ్బి, పాలలా పల్చన చేశాం. పళ్లేనికి నూనె రాసి, ఒక గరిటెడు పోసి, ఆవిరి మీద పెట్టి తీస్తే, వేలు కింద కనబడేంత పల్చటి రేకు లేచి వచ్చింది. ఆ అమ్మాయి ఆ రేకును రెండు చేతులతో ఎత్తి పట్టుకుని వెలుతురుకు చూసింది. పొద్దునంతా బిగుసుకుపోయి ఉన్న మొహం అప్పుడు విచ్చుకుంది. రేకు మీద రేకు పరిచి, నూనె పూసి, చుట్టి, కత్తితో కోస్తే జారుతూ విడిపోయే తెల్లటి పట్టీలు. వచ్చేసినట్టే అనుకున్నాం.

రాలేదు. గ్యాసు మీద నాన్‌స్టిక్ పెనంలో మొదటి విడత వేస్తే, మంట చాలక అంతా ముద్దయింది. నీళ్లూరి, అతుక్కుని, రాగిముద్దకు తెల్లరంగు వేసినట్టు తయారైంది. ఆ అమ్మాయి స్టవ్ మీట చివరిదాకా తిప్పింది, ఇంకా తిప్పడానికేం లేదు. మంట పెద్దది కావాలి, చాలా పెద్దది, బాణలి నుంచి పొగ వాసన రావాలి, వాళ్ల పోపో అదే మొదట చూసేది అంది. చేతులు వేలాడేసి నిలబడింది. రేపు సోమవారం.

"ఏందంట దానికి?" అరుగు మీద నుంచి అవ్వ.

"మంట చాలదంట అవ్వా."

అవ్వ లేచింది. కొట్టంలోకి పోయి గోడకు తగిలించిన ఇనుప బాణలి దించింది. చేను ఉన్న రోజుల్లో చెనక్కాయలు వేయించిన బాణలి అది, పలకలు వచ్చాక కిందికి దిగనేలేదు. నేను అది దులుపుతుంటే, ఆమె మూల నుంచి ఒక గోనె మూట ఈడ్చుకొచ్చింది. అది చూసి అమ్మ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అది మా చేలో ఆఖరి పంట చెనక్కాయల పొట్టు. ఎలుకలు చేరుతున్నాయని అమ్మ ఎన్నిసార్లు పారేయబోయినా అవ్వ పడనిచ్చేది కాదు. పొట్టు దేనికత్తా అంటే, ఉండనీ, నీకేం బరువు అనేది. దేనికో మాకెవరికీ తెలీదు, ఆమెకూ తెలీదనుకుంటాను.

పెరట్లో మూడు రాళ్ల మధ్య చింతపుల్లలు పేర్చి ముట్టించి, మూట విప్పి, పొట్టు దోసిళ్లతో ఎగజల్లింది. చెనక్కాయ పొట్టు మంట చూసినవాళ్లకు తెలుస్తుంది. భగ్గుమని లేస్తుంది, బాణలి అంచులు దాటుతుంది. ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసి, మరుక్షణం చప్పట్లు కొట్టింది.

గానుగ నూనె పోసింది. ఆ వాసన పీల్చి ఆశ్చర్యంగా నావైపు చూసింది. కాంటన్ వాళ్లు వేయించేదీ చెనక్కాయ నూనెతోనేనట, తన అవ్వ వంటింటి వాసన ఇదేనట. మాంసం వేసి, తీసి, రేకుల పట్టీలు వేసి, సాస్ పోసి, ఎగరేద్దామని బాణలి చెవి పట్టుకుంది. అది ఎద్దుబండి చక్రమంత బరువు. కదలలేదు. అవ్వ నాలుక చప్పరించి, పాత గుడ్డలు రెండు తెచ్చి, ఒక చెవి తాను పట్టుకుని, రెండో చెవి ఆమెకు చూపించింది. "గరిటె పెడితే విరిగిపోతాది. కిందినుంచి ఎత్తి పొయ్యాల, చెనక్కాయలు తిప్పినట్లు. ఎత్తు" అంది. తెలుగులోనే అంది. ఆ అమ్మాయికి అర్థమైంది. ఇద్దరూ ఒక్కసారి ఎత్తి కుదిపారు. తెల్లటి పట్టీలన్నీ గాల్లోకి లేచి, ఒకటి కూడా బయట పడకుండా బాణలిలోకి వచ్చి వాలాయి. మళ్లీ ఎత్తారు. సాస్ మాడిన తియ్యటి వాసన, పొట్టు పొగ వాసన కలిసి పెరడంతా నిండింది. పక్కింటాయన గోడ మీంచి తల పెట్టి ఏం పండగ అని అడిగాడు. మొలకలు, ఉల్లికాడలు చల్లి దించేశారు.

ఆ అమ్మాయి మొదటి పళ్లెం రెండు చేతులతో పట్టుకుని వచ్చి, అరుగు ముందు మోకాళ్ల మీద కూర్చుని, అవ్వకు అందించింది. మేమంతా పళ్లేలు పెట్టుకున్నాం. నేను ఆకలి మీద ముద్ద తీయబోతే ఆమె నన్ను కళ్లతోనే ఆపింది. తనూ ముట్టలేదు. అవ్వ వైపు చూసి, మెల్లగా, కాస్త భయంగా పిలిచింది.

"పోపో."

అలా పిలిచి కూర్చుంది. పెద్దవాళ్లను పిలిచి, వాళ్లు తినడం మొదలుపెట్టాకే మిగతావాళ్లు తినాలట, వాళ్ల ఇళ్లలో. ఆ సంగతి అవ్వకు ఎవరూ చెప్పలేదు. ఆకలితో ఉన్న పిల్ల పళ్లెం ముందు పెట్టుకుని తన నోటి వైపు చూస్తూ కూర్చోవడం మాత్రం ఆమె చూసింది. అవ్వ చేత్తో కొన్ని పట్టీలు తీసి నోట్లో పెట్టుకుంది. దవడలు ఇటొకసారి, అటొకసారి కదిలాయి. గుటుక్కుమని మింగింది.

"ఓ పన్ను అన్నాదంటే ఏమో అనుకున్నా" అంది అవ్వ. "నిజమేప్పా. దీనికి ఓ పన్ను చాలు."

ముందు నాయన నవ్వాడు, తర్వాత అందరం. ఏం జరిగిందో అర్థం కాక ఆ అమ్మాయి మా మొహాలు చూస్తూ తనూ నవ్వింది. అవ్వ పళ్లెం ముందుకు చాపింది. "రోంత పెట్టు ఇంగ. ఆ మాంసం సంగతి నేను చెప్పిందే, యాడుండాదో కనబల్లే."

సోమవారం వచ్చింది. ఎవరూ ఎక్కడికీ పోలేదు. ఆ అమ్మాయి పని ముగిసేదాకా మా ఇంట్లోనే ఉంది. ప్రతి ఆదివారం పెరట్లో పొయ్యి వెలిగేది. మూట ఖాళీ అయిపోయింది. తర్వాత పక్కింటివాళ్ల పొట్టు తెచ్చుకున్నాం. ఖాళీ గోనెను అవ్వ ఉతికి, మడిచి, బాణలి కింద వేసుకుంది.

ఊరెళ్లే రోజున ఆ అమ్మాయి నా దగ్గర నేర్చుకున్న తెలుగంతా కూడగట్టుకుని "పోపో, పోతా" అంది. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని, "పోతా అనగూడదు. పోయొస్తా అనాల" అని సరిదిద్ది, సరిగ్గా పలికేదాకా జీపు ఎక్కనివ్వలేదు. నేను ఏడ్చాను. దాచుకోలేదు.

ఇప్పుడు ఆదివారాలు వీడియో ఫోను వస్తుంది. మేం బాణలి చూపిస్తాం, ఆమె తప్పులు చెబుతుంది. ఫోను మోగగానే అవ్వ నా చేతిలోంచి లాక్కుంటుంది. ఫోను చెవికే పెట్టుకుంటుంది కాబట్టి, అవతలివాళ్లకు ఆమె చెవి తప్ప ఇంకేం కనబడదు. అవతల నుంచి ఆ పిల్ల గొంతు వినబడుతుంది, "పోపో? పోపో?" అని.

"ఆ, పోపో ఉండాది" అంటుంది అవ్వ గట్టిగా. "ఈడనే ఉండాది. యాడికీ పోలే."